పనిలోంచి పుట్టే పెద్దరికం: పల్లెల్లో స్వచ్ఛంద నాయకత్వంపై ఒక సమీక్ష

పల్లెలో కమిటీ వేయడం సులువు. ఒక పూట సభ పెట్టి అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి పేర్లు తీర్మానాల పుస్తకంలో రాసి సంతకాలు చేయిస్తే కమిటీ తయారు. మూడేళ్ల తర్వాత కూడా అది క్రమం తప్పక కూర్చుంటూ, ఊరికి పనికొస్తూ ఉండటమే కష్టం. గడిచిన డెబ్బై ఏళ్లలో తెలుగు పల్లెల్లో నీటికి, అడవికి, బడికి, పొదుపుకు, ఆరోగ్యానికి, యువజనులకు లెక్కలేనన్ని సంఘాలు పుట్టాయి. కొన్ని ఊరి బతుకునే మార్చాయి. చాలా మటుకు రిజిస్టర్లలోనే మిగిలాయి.

ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? జీతం ఆశించకుండా పదిమందిని కూర్చోబెట్టి ఒక పనిని చివరిదాకా నడిపించగల మనుషులు పల్లెలో ఎలా తయారవుతారు? పెద్దవాళ్లలోనూ యువతలోనూ ఆ నేర్పును పెంచాలనుకునే వాళ్లు గతం నుంచి ఏం తీసుకోవాలి? ఈ ప్రశ్నలకు మన నేల మీద జరిగిన ప్రయత్నాలనే ఒక వరుసలో పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. చేతికి నిజమైన పని అందిన చోట, ఆ పని లెక్క నలుగురి ముందు చెప్పాల్సి వచ్చిన చోట, కొంతకాలానికి ఆ స్థానం మరొకరికి దక్కిన చోట నాయకత్వం పుట్టింది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా ఎంత శిక్షణ ఇచ్చినా నిలవలేదు.

ప్రభుత్వ పథకాలు రాకముందు

తెలుగునాట పల్లె యువకులు మొదటిసారి పెద్ద ఎత్తున ప్రజాకార్యం నేర్చుకున్నది గ్రంథాలయాల్లో. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య వంటి వాళ్లు ఊరూరా తిరిగి పఠనాలయాలు పెట్టించారు. పాతూరి నాగభూషణం పూనికతో 1935లో కృష్ణా కాలువ మీద పడవ గ్రంథాలయం నడిచింది. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో ఒక యువజన సంఘంగానే మొదలైంది.

ఈ ఉద్యమంలో చదువు ఎంత ముఖ్యమో నిర్వహణ అంతే ముఖ్యం. చందాలు వసూలు చేయాలి. పుస్తకాలు ఎవరు తీసుకెళ్లారో, ఎప్పుడు తిరిగిచ్చారో రాయాలి. చదవడం రానివాళ్లకు పత్రిక చదివి వినిపించాలి. వార్షిక సభ పెట్టి జమాఖర్చులు చెప్పాలి. ఈ చిన్న చిన్న పనులు చేస్తూనే కుర్రవాళ్లు సభలో మాట్లాడటం, భిన్నాభిప్రాయాన్ని భరించడం, డబ్బు విషయంలో నమ్మకం నిలబెట్టుకోవడం అలవరచుకున్నారు. నిజాం రాజ్యంలో బహిరంగ సభకు ముందుగా అనుమతి తీసుకోవాల్సిన రోజుల్లో తెలంగాణలో గ్రంథాలయాలే ప్రజాజీవితానికి బడులయ్యాయి. 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘం, 1930లో జోగిపేటలో తొలి సభ జరుపుకున్న ఆంధ్ర మహాసభ ఈ వాతావరణంలోనే ఎదిగాయి.

ఈ దశకు ఒక పరిమితి ఉంది. గ్రంథాలయం గడప దాటి లోపలికి వచ్చినవాళ్లు ఎక్కువగా అప్పటికే చదువుకున్న కులాల మగవాళ్లు. ఆడవాళ్లకు, దళితవాడలకు ఆ తలుపు చాలా చోట్ల తెరుచుకోలేదు. నాయకత్వం పెరిగింది కాని అందరిలో పెరగలేదు.

పైనుంచి దిగిన అభివృద్ధి

స్వాతంత్ర్యం తర్వాత 1952 అక్టోబరు 2న దేశంలో సమాజ వికాస పథకం మొదలైంది. దాని వెనుక అమెరికా వ్యవసాయ విస్తరణ విధానం ప్రభావం ఉంది. అక్కడ 1914 నాటి చట్టంతో విశ్వవిద్యాలయాల విజ్ఞానాన్ని రైతుల దగ్గరికి చేర్చే వ్యవస్థ ఏర్పడింది. ఫోర్-హెచ్ అనే గ్రామీణ బాలల క్లబ్బులు దానిలో భాగమయ్యాయి. ఆ క్లబ్బులను నడిపేది ఎక్కువగా జీతం తీసుకోని స్థానిక పెద్దలు. ఉద్యోగి ఆ పెద్దలకు శిక్షణ ఇస్తాడు, వాళ్లు పిల్లలతో పని చేయిస్తారు. ఒక పిల్లవాడు ఒక దూడనో ఒక మడినో పెంచి, దాని ఖర్చూ రాబడీ తన పుస్తకంలో రాసి, చివర అందరి ముందు చూపిస్తాడు.

మన దగ్గరికి వచ్చేసరికి ఈ విధానంలో ఉద్యోగి వచ్చాడు గాని స్థానిక స్వచ్ఛంద నాయకుడు వెనకబడ్డాడు. గ్రామసేవకుడనే ఆ ఉద్యోగే ఎరువు తెచ్చాడు, విత్తనం ఇచ్చాడు, నివేదిక రాశాడు. ఊరు లబ్ధిదారుగా మిగిలింది. 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ ఈ లోపాన్నే ఎత్తి చూపింది. అధికారమూ నిధులూ ఉన్న ఎన్నికైన సంస్థ లేకుండా స్థానికుల్లో చొరవ పుట్టదని చెప్పింది. ఆ సలహాతో పంచాయతీరాజ్ వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1959 అక్టోబరులో షాద్‌నగర్‌లో నెహ్రూ చేతుల మీదుగా అది ప్రారంభమైంది. రాజస్థాన్ తర్వాత దేశంలో మనదే ముందడుగు. కాని సర్పంచి కుర్చీ చాలా ఊళ్లలో భూమి ఉన్న ఇంటికే చేరింది. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చి రిజర్వేషన్లు తప్పనిసరి చేసేదాకా ఆ పట్టు పెద్దగా సడలలేదు.

ఆడవాళ్లు తెచ్చిన మలుపు

ఈ కథలో అసలు మలుపు నెల్లూరు జిల్లాలో వచ్చింది. 1990ల మొదట్లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి బడుల్లో జీతం లేని స్థానిక యువతీ యువకులే చదువు చెప్పారు. ఆ బడులు ఆడవాళ్లకు రోజూ ఒకచోట కూర్చుని మాట్లాడుకునే వీలు ఇచ్చాయి. మాట్లాడుకుంటే అందరి ఇళ్లలోనూ ఒకే కష్టం కనబడింది: కూలి డబ్బు సారాకు పోవడం. దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటివాళ్లు సారా అంగడిని మూయించారు. ఆ ఉదంతం కొత్తగా చదువు నేర్చినవాళ్ల వాచకంలో పాఠమై ఇతర ఊళ్లకు చేరింది. 1992లో ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు.

దూబగుంట ఆడవాళ్లకు ఎవరూ నాయకత్వ శిక్షణ ఇవ్వలేదు. వాళ్లకు దొరికినవి కూర్చోవడానికి ఒక చోటు, మాట్లాడుకోవడానికి ఒక కారణం, వెంటనే చేయగల ఒక పని. నాయకత్వం పెంచాలనుకునే ఏ పథకానికైనా ఈ మూడూ పునాది.

ఆ ఊపులోనే పొదుపు సంఘాలు విస్తరించాయి. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో 1990ల రెండో సగంలో మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో జరిగిన ప్రయోగం, ఆపై 2000లో ఏర్పడిన పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్ ఆధ్వర్యంలో వెలుగు, ఇందిర క్రాంతి పథం పేర్లతో నడిచిన పని ఈ సంఘాలను గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్యలుగా నిలబెట్టాయి. ఈనాడు రెండు రాష్ట్రాల్లో కలిపి కోటి మందికి పైగా ఆడవాళ్లు ఈ సంఘాల్లో ఉన్నారు.

సంఘం నడిచే తీరులోనే బోధన ఉంది. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, లోపలి అప్పులు, సకాలంలో చెల్లింపు, సరైన పుస్తక నిర్వహణ. వీటినే పంచసూత్రాలంటారు. పదీ పదిహేను మంది గుండ్రంగా కూర్చుని, ఎవరి డబ్బు ఎక్కడుందో అందరూ వినేలా లెక్క చెప్పుకుంటారు. ఎవరికి అప్పు ముందు ఇవ్వాలో వాదించుకుని తేల్చుకుంటారు. సంఘం లీడర్లను మార్చుకుంటూ పోవాలన్నది నియమం. బ్యాంకు మేనేజరు ముందు నోరు విప్పలేని మనిషి రెండేళ్లలో అదే మేనేజరును నిలదీయగలిగిందంటే కారణం ఈ క్రమం.

అన్నిటికంటే గొప్ప ఆవిష్కరణ సీఆర్‌పీ (కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్) పద్ధతి. పేదరికం నుంచి తానే పైకి వచ్చిన సంఘం సభ్యురాలు మరికొందరితో కలిసి కొత్త ఊరికి వెళ్లి, రెండు వారాలు అక్కడే బసచేసి, వాడవాడకూ తిరిగి, తన కథ చెప్పి సంఘాలు కట్టిస్తుంది. పట్నం నుంచి వచ్చిన నిపుణుడి కంటే ఆమె మాటకు విలువ ఎక్కువ, ఎందుకంటే ఆమె చీర, భాష, బతుకు ఎదుటి మనిషివే. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధి మిషన్ మొదలయ్యాక తెలుగు పల్లెల ఆడవాళ్లు బీహార్, ఉత్తరప్రదేశ్, జమ్మూ కశ్మీర్ దాకా వెళ్లి సంఘాలు నిలబెట్టారు. హిందీ సరిగా రాకుండానే వెళ్లి, పని చేస్తూ నేర్చుకున్నారు. పల్లె నాయకత్వంలో ఇంతకు మించిన పాఠశాల దేశంలో మరొకటి కనబడదు. 2016 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో నడుస్తున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం కూడా ఇదే దారి పట్టింది. తన పొలంలో చేసి చూపిన రైతే తోటి రైతుకు గురువు. 2024లో ఈ కార్యక్రమానికి అంతర్జాతీయ గుల్బెంకియన్ పురస్కారంలో భాగం దక్కింది.

యువత: సేవ చేయించడమా, బాధ్యత ఇవ్వడమా

యువత విషయంలో మన రికార్డు ఇంత గొప్పగా లేదు. జాతీయ సేవా పథకం 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవ చేస్తాడు. ఒక ఊళ్లో ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో పాల్గొంటాడు. విద్యార్థికి లోకం చూపించే పనిగా దీనికి విలువ ఉంది. పల్లె వైపు నుంచి చూస్తే మాత్రం శిబిరం ముగిశాక ఊళ్లో ఉండేవాడు ఎవరు అన్న ప్రశ్న మిగులుతుంది. రోడ్డు ఊడ్చిన చేతులు వెళ్లిపోతాయి, ఊరి యువకుడు పక్కన నిలబడి చూసినవాడిగానే ఉండిపోతాడు. 1972లో మొదలైన నెహ్రూ యువక కేంద్రాలు ఊళ్లోనే యువజన సంఘాలు పెట్టించాయి. ఆ దిశ సరైనదే. కాని చాలా సంఘాలకు క్రికెట్ కిట్టు, ఒక బోర్డు తప్ప ఊరి వ్యవహారాల్లో పాత్ర దొరకలేదు.

దీనికి భిన్నమైన దారి చూపింది మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్. 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికులను బడికి పంపే పనిని ఈ సంస్థ స్థానిక యువతతోనే చేయించింది. వాళ్లలో చాలామంది తమ ఇంట్లో మొదటగా చదువుకున్నవాళ్లు. పశువుల కాపరిగా, పత్తి చేలల్లో కూలీగా ఉన్న పిల్లవాణ్ణి విడిపించడానికి ఆ యువకుడు ఒకే సమయంలో తల్లిదండ్రులతో, ఆసామితో, బడి పంతులుతో, సర్పంచితో మాట్లాడాలి. కోపం తెచ్చుకోకూడదు, వెనక్కి తగ్గకూడదు. రోజులతరబడి అదే గడప తొక్కాలి. ఇరవై ఏళ్ల కుర్రవాడికి ఇంతకంటే కఠినమైన శిక్షణ ఉండదు. విడిపించిన పిల్లలను బడికి సిద్ధం చేసే వారధి శిబిరాలు, ఊళ్లో బాలల హక్కుల పరిరక్షణ వేదికలు, ఉపాధ్యాయుల వేదిక తోడయ్యాయి. ఈ పనికి గాను ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. ఆ సంస్థ యువతను సేవకు పిలవడంతో ఆగలేదు, ఊరు తేల్చుకోవాల్సిన ఒక నైతిక ప్రశ్నను వాళ్ల చేతిలో పెట్టింది. పెద్దలు ఆ కుర్రవాళ్ల మాట విన్నది వయసు చూసి కాదు, వాళ్లు చేసిన పని చూసి.

పైనుంచి వేసిన కమిటీలు

వైఫల్యాలనూ అంతే శ్రద్ధగా చదవాలి. 1997లో ఆంధ్రప్రదేశ్ సాగునీటి యాజమాన్యాన్ని రైతులకు అప్పగిస్తూ చట్టం చేసింది. అదే ఏడాది ఒక్కసారిగా పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగాయి. ఆలోచన గొప్పది. కాని సంఘం పుట్టిన రోజునే మరమ్మతుల నిధులు వచ్చాయి, రైతులు కలిసి కూర్చునే అలవాటు మాత్రం రాలేదు. చాలా చోట్ల అధ్యక్షుడు కాంట్రాక్టరు పని చేశాడు. కాలపరిమితి ముగిశాక ఎన్నికలు ఏళ్లతరబడి వాయిదా పడ్డాయి. చివరి ఆయకట్టు రైతు గొంతు మళ్లీ మూగబోయింది.

అదే కాలంలో వన సంరక్షణ సమితులు, విద్యా కమిటీలు, తల్లుల కమిటీలు, వాటర్‌షెడ్ కమిటీలు ఒకే ఊళ్లో వరుసగా వెలిశాయి. ప్రతి శాఖ తన సంఘాన్ని తానే పెట్టుకుంది. ఒకే నలుగురు మనుషులు అన్నిటిలోనూ సంతకాలు పెట్టారు. పంచాయతీ పక్కకు జరిగింది. ఊరి శక్తిని కూడగట్టాల్సిన సంఘాలే దాన్ని ముక్కలు చేశాయి.

2019 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన గ్రామ వాలంటీర్ల వ్యవస్థ మరో రకం అనుభవం. సుమారు 50 ఇళ్లకు ఒకరు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం. పింఛను గడప దగ్గరికి వచ్చిందని వృద్ధులు సంతోషించారు. ఆ సౌకర్యం చిన్నది కాదు. కాని ఆ యువతీ యువకులను ఎంచుకున్నది ఊరు కాదు, వాళ్లు లెక్క చెప్పింది గ్రామసభకు కాదు. 2024లో ప్రభుత్వం మారాక వ్యవస్థ కొనసాగలేదు. ప్రజల మధ్య నాలుగైదేళ్లు తిరిగిన లక్షల మంది యువత అనుభవం ఊరి సంస్థల్లోకి ఇంకకుండా పోయింది. ఏ పార్టీ వైపు నుంచి చూసినా ఇది నష్టమే.

నిలిచిన చోట ఏముంది

నిలిచిన ప్రయత్నాల్లో మూడు మరింత దగ్గరగా చూడదగ్గవి.

మొదటిది భూగర్భ జలాలది. 2000ల్లో ఏడు కరవు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో నడిచిన ప్రాజెక్టులో రైతులే వాననీటిని కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచి గోడల మీద రాశారు. రబీకి ముందు కూర్చుని ఊరి నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఏ పంట వేయాలో ఎవరూ శాసించలేదు. చదువు రాని రైతు కూడా తాను కొలిచిన అంకెను అధికారి ముందు ధైర్యంగా చెప్పగలిగాడు. సొంతంగా తెలుసుకున్న నిజం మనిషికి గొంతు ఇస్తుంది.

రెండోది జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలు. అక్కడి దళిత మహిళలు చిరుధాన్యాల విత్తనాలను కాపాడారు, వీడియో కెమెరా పట్టారు, 2008లో మాచునూరులో సంఘం రేడియో ప్రారంభించారు. పొలం పని తెలిసిన మనిషికి మైకు ఇస్తే ఆమె తన విజ్ఞానాన్ని తానే చెప్పుకోగలదని నిరూపించారు. 2019లో ఆ సంస్థకు ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

మూడోది తెలంగాణలోని ముల్కనూరు. 1956లో మొదలైన సహకార గ్రామీణ బ్యాంకు, 2002లో మొదలైన మహిళా డెయిరీ. మహిళా డెయిరీలో పాలు పోయని సభ్యురాలికి అధికారం లేదు. పెట్టుబడిలో సభ్యుల సొమ్ము ఉంది. ఎన్నికలు వేళకు జరుగుతాయి. పొదుపు సంఘాలను, పాల సంఘాలను కొన్నేళ్లు నడిపిన ఆడవాళ్లే ఈ డెయిరీ పాలకవర్గంలోకి వచ్చారు. కాబట్టి కోట్ల రూపాయల వ్యాపారం వాళ్లను బెదిరించలేదు. చిన్న లెక్కలో నిజాయితీ చూపినవాళ్లే పెద్ద లెక్కకు ఎదిగారు.

ఒప్పుకోవాల్సిన అడ్డంకులు

ఉత్సాహంలో మూడు విషయాలు మరుగున పడకూడదు. ఒకటి కులం. సమావేశం ఎక్కడ పెడతారన్నదే ఎవరు నాయకులవుతారో చాలాసార్లు తేలుస్తుంది. పెద్ద ఇంటి అరుగు మీద పెడితే దళితవాడ మనిషి నిలబడే వింటాడు. బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో పెట్టి, ఒకసారి ఊళ్లో, ఒకసారి వాడలో జరిపితే మాట్లాడేవాళ్లు మారతారు.

రెండు, ఆడవాళ్ల పేరు మీద మగవాళ్ల పెత్తనం. పంచాయతీల్లో మహిళల వాటాను ఉమ్మడి రాష్ట్రం 2011లో సగానికి పెంచింది, తెలంగాణ 2018 చట్టంలో అదే కొనసాగించింది. అయినా సర్పంచి భర్త కుర్చీలో కూర్చునే ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పొదుపు సంఘంలో కొన్నేళ్లు పనిచేసి వచ్చిన సర్పంచి తన ఫైలు తానే చదువుకుంటుంది. అంటే రిజర్వేషన్ తలుపు తీస్తుంది, సంఘంలో నేర్చిన పని లోపలికి నడిపిస్తుంది.

మూడు, ఉచిత శ్రమ. స్వచ్ఛందం పేరుతో పేద ఆడవాళ్ల సమయాన్ని ఊరికే వాడుకోవడం అన్యాయం. ఆశా కార్యకర్తలను 2005 నుంచి స్వచ్ఛంద కార్యకర్తలుగానే లెక్కిస్తున్నారు, చేయించేది మాత్రం పూర్తికాలపు పని. గ్రామ సమాఖ్యల్లో లెక్కలు రాసే వీఓఏలు వేతనం కోసం పదేపదే రోడ్డెక్కారు. వారానికి కొన్ని గంటలు ఇచ్చే పని స్వచ్ఛందంగా సాగుతుంది. రోజంతా పట్టే పనికి కూలి కట్టాల్సిందే. బస్సు చార్జీ, కూలి పోయిన పూటకు పరిహారం, పసిబిడ్డను చూసుకునే ఏర్పాటు లేకపోతే నాయకత్వం మళ్లీ తీరిక ఉన్న ఇళ్లకే పరిమితమవుతుంది.

యువత వలస కూడా పెద్ద ప్రశ్నే. ఇంటర్ అయ్యాక పిల్లలు హైదరాబాద్, బెంగళూరు బాట పడతారు. కాబట్టి పదహారేళ్లకే, ఊళ్లో ఉన్నప్పుడే, వాళ్లకు పని అప్పగించాలి. ప్రతి ఊళ్లో వినాయక చవితి కమిటీ కుర్రవాళ్లు చందా వసూలు చేస్తారు, పందిరి వేయిస్తారు, మైకు అనుమతి తెస్తారు, ఊరేగింపులో తగవులు రాకుండా చూస్తారు, చివర ఖర్చులు చదువుతారు. నిర్వహణ శక్తి వాళ్లలో ఇప్పటికే ఉంది. ఆ శక్తిని చెరువు గట్టుకు, గ్రంథాలయానికి, బడికి మళ్లించే బాధ్యత పెద్దలది.

తేలిన సంగతి

ఇన్ని అనుభవాల తర్వాత కొత్త పథకం అవసరం లేదు. ఉన్నవాటిని నడిపే తీరు మారాలి. శిక్షణ అంటే మండల కేంద్రంలో ఒక రోజు ఉపన్యాసం, భోజనం, ఫొటో అనే అలవాటు పోవాలి. సమావేశం నడపడం, తీర్మానం రాయడం, జమాఖర్చులు చెప్పడం, తగవు తీర్చడం, అధికారికి అర్జీ రాసి వెంటపడటం అనే అయిదు పనులను ఊళ్లోనే, నిజమైన పని మీద, ఇంతకు ముందు చేసినవాళ్ల చేత నేర్పించాలి. బయటి సంస్థ ఎప్పుడు తప్పుకుంటుందో మొదటి రోజే చెప్పాలి. ప్రతి సంఘం గ్రామసభకు లెక్క చెప్పాలి. రెండేళ్లకు మించి ఒకే మనిషి ఒకే పదవిలో ఉండకూడదు. దిగిపోయిన మనిషి ఇంటికి పోకుండా, కొత్తవాళ్లకు నేర్పే గురువుగా మిగలాలి.

ఊళ్లో ఇవాళ సంఘాన్ని నడుపుతున్న ప్రతి పెద్దకూ ఒక విన్నపం. మీ తీర్మానాల పుస్తకం, మీ సంఘం పాసుపుస్తకం వచ్చే సమావేశంలో ఇద్దరు యువతీ యువకుల చేతికి ఇవ్వండి, వాళ్లలో ఒకరు దళితవాడ నుంచి వచ్చినవాళ్లయి ఉండాలి. వాళ్లు తప్పు రాస్తే పక్కన కూర్చుని దిద్దండి, లాక్కోకండి. రాబోయే ఇరవై ఏళ్లలో మీ ఊరిని నడిపేది వాళ్లే.